బెంచ్ మీది ఆటగాడికి నిమిషాలు పెంచితే నిజంగా మ్యాచ్‌లు గెలుస్తామా? (మెకానెల్ గొడవ, 2025 వేసవి)

#1 · సుబ్బు_డాలస్

2025 ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌లో మన ఇండియానా పేసర్స్ ఓక్లహోమా సిటీ థండర్ చేతిలో ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఓడి ఇన్ని రోజులైనా నాకు ఇంకా మింగుడు పడట్లేదు. ఇంట్లో వినేవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. ఇండియానాపొలిస్‌లో ఎంఎస్ చేసిన రోజుల నుంచి పేసర్స్ మనిషిని. ఇప్పుడు డాలస్‌లో ఉన్నా పార్టీ మారలేదు. కాబట్టి కొంచెం కడుపుమంట ఉంటుంది, సర్దుకోండి.

నా వాదన ఒక్కటే. మన బ్యాకప్ పాయింట్ గార్డు (బంతి నడిపించేవాడు) టీ.జే. మెకానెల్‌కి కోచ్ రిక్ కార్లైల్ మ్యాచ్‌కి ఇంకో ఎనిమిది నిమిషాలు ఇచ్చి ఉంటే 2025 టైటిల్ మనదే. గేమ్ 3 గుర్తుందా? బెంచ్ మీంచి వచ్చి 10 పాయింట్లు, 5 అసిస్ట్‌లు (స్కోరు చేయించిన పాస్‌లు), 5 స్టీల్స్ (లాక్కున్న బంతులు). మన బెంచ్ మొత్తం 49 కొడితే ఓక్లహోమా బెంచ్ 18 దగ్గర ఆగిపోయింది. 116-107తో గెలిచాం. గేమ్ 6లో 12 పాయింట్లు, 9 రీబౌండ్లు (మిస్సైన షాట్ల బంతి అందుకోవడం), 6 అసిస్ట్‌లు, 4 స్టీల్స్. ఆరడుగుల ఒక అంగుళం మనిషికి తొమ్మిది రీబౌండ్లండీ! 108-91తో గెలిచాం.

అలాంటివాణ్ని సీజనంతా సగటున 18 నిమిషాలే ఆడించారు. గేమ్ 5లో మన మెయిన్ పాయింట్ గార్డు హాలిబర్టన్ పిక్క పట్టేసి కుంటుతున్నాడు, ఆరు షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు. అప్పుడైనా మెకానెల్‌ని తియ్యకుండా ఉంచాలి కదా? బ్యాకప్ ఆటగాడి నిమిషాలకీ జట్టు గెలుపుకీ సంబంధం లేదని ఎవరైనా అంటే ఆధారాలతో రండి.

#2 · రింగురోడ్డు_రీబౌండ్

అన్నా, గేమ్ 5లో మెకానెల్ 18 కొట్టాడు, ఓడిపోయారు. గేమ్ 7లో 16 కొట్టాడు, ఓడిపోయారు. గెలిచిన రెండు మ్యాచ్‌లు ఏరుకొచ్చి ఆధారాలు అంటే ఎట్లా?

హైదరాబాద్‌లో పొద్దున్నే అలారం పెట్టుకుని ఏడు మ్యాచ్‌లూ చూసినవాణ్ని. ఆఫీసులో కునికిపాట్లు పడుతూ మేనేజర్‌తో తిట్లు తిన్నవాణ్ని. నాకు మాట్లాడే హక్కుంది.

#3 · సుబ్బు_డాలస్

తమ్ముడూ, ఆ గేమ్ 5లోనే మూడో క్వార్టర్‌లో 13 పాయింట్లు అతనివే. ఆ ఊపుతోనే నాలుగో క్వార్టర్ మొదట్లో తేడా 2 పాయింట్లకి దిగింది. తర్వాత థండర్ ఆటగాడు జేలెన్ విలియమ్స్ మొత్తం 40 కొట్టి మనల్ని ముంచాడు, అది వేరే సంగతి. ఓడిన మ్యాచ్‌లో కూడా మనం బతికున్నది అతను ఉన్నప్పుడే.

#4 · లెక్కల_మాస్టారు

సుబ్బు గారూ, మీ కడుపుమంటకి నా సానుభూతి. లెక్క మాత్రం మీ వైపు లేదు.

ముందుగా ఒక మాట. "ఫలానా వాడు ఎక్కువ నిమిషాలు ఆడిన మ్యాచ్‌లలో జట్టు ఎన్ని గెలిచింది" అన్న పట్టికని ఎప్పుడూ నమ్మకండి. బెంచ్ ఆటగాళ్ల విషయంలో అయితే అసలు నమ్మకండి. 2024-25 సీజన్‌లో థండర్ 68 గెలిచి 14 ఓడింది. మ్యాచ్‌కి సగటున దాదాపు 13 పాయింట్ల తేడాతో గెలిచేసింది, అప్పటిదాకా ఎన్‌బీఏ చరిత్రలోనే అంత తేడా ఎవరికీ లేదు. ఫలితం ఏమిటి? చాలా మ్యాచ్‌లలో వాళ్ల స్టార్ షాయ్ గిల్జస్-అలెగ్జాండర్ నాలుగో క్వార్టర్‌లో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. బెంచ్ చివరి కుర్చీలో ఉండే కుర్రాళ్లు వచ్చి మిగతా నిమిషాలు నడిపించారు. ఇప్పుడు ఆ కుర్రాళ్లు పది నిమిషాలకి పైగా ఆడిన మ్యాచ్‌లు తీసి చూడండి. గెలుపే గెలుపు. వాళ్లు ఆడినందుకు గెలిచారా? గెలిచేశారు కాబట్టి వాళ్లని దింపారు.

దీనికి అటు వైపు కూడా ఉంది. స్టార్టర్‌కి (మొదటి ఐదుగురిలో ఉండేవాడికి) దెబ్బ తగిలితే బ్యాకప్‌కి 30 నిమిషాలు పడతాయి. ఆ మ్యాచ్‌లు ఎక్కువగా ఓడిపోతారు. అప్పుడు అదే పట్టిక "వీడు ఎక్కువ ఆడితే జట్టు ఓడుతుంది" అని చెబుతుంది. మనిషి అదే, ఆట అదే. నిమిషాలు ఎందుకు పెరిగాయో మారింది, అంతే.

ఇక అసలు లెక్క. బ్యాకప్ ఆటగాడు తను ఎవరి స్థానంలో ఆడుతున్నాడో అతని కంటే 100 పొసెషన్లకి (బంతి జట్టు చేతికొచ్చిన వంతులకి) 2 పాయింట్లు మెరుగు అనుకుందాం. అది చిన్న తేడా కాదు. అతనికి మ్యాచ్‌కి 5 నిమిషాలు పెంచారు. 48 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి దాదాపు 100 పొసెషన్లు, అంటే 5 నిమిషాల్లో ఓ పది. పదింటిలో వచ్చే లాభం 0.2 పాయింటు. సీజనంతా సగటు తేడా 1 పాయింటు మెరుగైతే 82 మ్యాచ్‌లలో సుమారు 2.7 గెలుపులు ఎక్కువ వస్తాయన్నది అందరూ వాడే లెక్క. 0.2ని 2.7తో గుణించండి. సీజన్ మొత్తానికి అర గెలుపు.

మీరు అడిగింది ఎనిమిది నిమిషాలు, అదీ ఒక్కో మ్యాచ్‌లో. మెకానెల్‌ని 5 పాయింట్లు మెరుగని ఒప్పుకున్నా, 17 పొసెషన్లలో ముప్పావు పాయింటు పైచిలుకు. గేమ్ 5 పోయింది 11 పాయింట్లతో. గేమ్ 7 పోయింది 12తో.

#5 · ఓబులేసు_ఓకేసీ

మాస్టారూ, దండాలు. కడప నుంచి ఒకే ఒక్క థండర్ అభిమానిని, ఇన్నాళ్లకి నా తరఫున ఒకరు మాట్లాడినారు.

#6 · సుబ్బు_డాలస్

లెక్కల_మాస్టారు రాసినది: "తను ఎవరి స్థానంలో ఆడుతున్నాడో అతని కంటే"

మాస్టారూ, కిటుకంతా అక్కడే దాచేశారు. మామూలు హాలిబర్టన్‌తో పోల్చితే మీరన్నది నిజం. గేమ్ 5లో కోర్టు మీద ఉన్నది మామూలు హాలిబర్టన్ కాదు, ఒంటి కాలి హాలిబర్టన్. అతనికీ మెకానెల్‌కీ తేడా 2 కాదు, 20 ఉంటుంది.

#7 · లెక్కల_మాస్టారు

ఇది అసలైన వాదన, దీనికి విలువిస్తాను. మొత్తం నిమిషాలు పెంచమనడం ఒకటి, ఈ రోజు ఈ మనిషి బదులు ఆ మనిషి అనడం ఇంకొకటి. రెండోది లెక్కకి నిలుస్తుంది. మీ 20 తీసుకున్నా ఎనిమిది నిమిషాలకి మూడున్నర పాయింట్ల లోపే అవుతుంది. దగ్గరి మ్యాచ్‌లో మూడు పాయింట్లు ప్రాణం. 11 పాయింట్లతో పోయిన మ్యాచ్‌లో కాదు.

పైగా గేమ్ 6లో అదే ఒంటి కాలి హాలిబర్టన్ 23 నిమిషాలే ఆడి 14 కొట్టాడు. ఏ రాత్రి కాలు సహకరిస్తుందో కార్లైల్‌కి ముందే ఎలా తెలుస్తుంది?

#8 · బెంచీ_బాబు

సార్, నేను కొత్తగా చేరాను. కాలేజీ టీమ్‌లో నేనూ బెంచే. చిన్న డౌటు. ప్లస్-మైనస్ చూస్తే సరిపోదా? మెకానెల్ ఆడినప్పుడు జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ కొట్టిందో అందులోనే ఉంటుంది కదా?

#9 · లెక్కల_మాస్టారు

బాబూ, మంచి ప్రశ్న. ప్లస్-మైనస్ అంటే నువ్వు కోర్టు మీద ఉన్నంతసేపు మీ జట్టు కొట్టినవాటిలోంచి అవతలి జట్టు కొట్టినవి తీసేస్తే మిగిలేది. నీతో పాటు ఇంకో నలుగురున్నారు, అవతల ఐదుగురున్నారు. ఈ తొమ్మిది మంది చేసిందంతా నీ ఖాతాలో పడుతుంది.

దాంట్లో ఊగిసలాట ఎంతో చూడు. ఎన్‌బీఏలో ఒక మ్యాచ్ తేడా మామూలుగానే అటూ ఇటూ 12 పాయింట్ల దాకా ఊగుతుంది. 12 నిమిషాల ముక్క తీసుకుంటే దాని ఊగిసలాట 6 పాయింట్లు. బ్యాకప్ మ్యాచ్‌కి 12 నిమిషాల చొప్పున 82 మ్యాచ్‌లు ఆడాడనుకో. అవన్నీ కలిపి 48 నిమిషాలకి మార్చినా, కేవలం అదృష్టం వల్లే రెండున్నర పాయింట్లు అటూ ఇటూ అయిపోతుంది. నేను పైన 2 పాయింట్లు మెరుగైనవాణ్ని మంచి బ్యాకప్ అన్నాను కదా. సీజన్ మొత్తం చూసినా ఆ 2 పాయింట్లు ఈ గందరగోళంలో మునిగిపోతాయి. ఒక్క మ్యాచ్‌లో బెంచ్ ఆటగాడి ప్లస్-మైనస్ పట్టుకుని టీవీలో వాదించేవాళ్లని చూస్తే నాకు అందుకే నవ్వొస్తుంది.

మిగతా తొమ్మిది మంది ప్రభావాన్ని విడదీసే పద్ధతులు ఉన్నాయి. వాటికి కూడా వేల నిమిషాలు కావాలి. బ్యాకప్ దగ్గర లేనివి ఆ నిమిషాలే.

#10 · భీమవరం_బిగ్‌మ్యాన్

మాస్టారు గారూ, మీ లెక్కకి ఎదురు చెప్పను. మీ లెక్కలో నిమిషం అంటే ఏ నిమిషమైనా ఒకటే. కోచ్‌కి అలా కాదండి. పదిహేనేళ్లుగా కాలేజీ కుర్రాళ్లని ఆడిస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

మెకానెల్ చేసే పని ఒకటి దగ్గరగా గమనించండి. అవతలి వాళ్లు రెండు పాయింట్లు తిన్నాక బేస్‌లైన్ బయటికి వెళ్లి బంతి లోపలికి వేస్తారు కదా. అందరూ వెనక్కి పరిగెడతారు. ఇతను కూడా రెండడుగులు వెనక్కి వేస్తాడు, తల దించుకుంటాడు, ఇక వెళ్లిపోతున్నాడనిపిస్తుంది. బంతి వేసేవాడు అలవాటు కొద్దీ చూసుకోకుండా వదులుతాడు. ఆ క్షణంలో పక్కనుంచి దూకి బంతి అందుకుని అక్కడికక్కడే లేఅప్ (రింగ్ దగ్గరి షాట్). గేమ్ 3లో ఇలా మూడుసార్లు చేశాడు. ఎన్‌బీఏ ఫైనల్స్‌లో, ప్రపంచంలో ఉత్తమ డిఫెన్స్ ఉన్న జట్టు మీద!

ఇప్పుడు సుబ్బు గారికి నా ప్రశ్న. ఆ పని 30 నిమిషాలు చేయగలడా? ఫుల్‌కోర్ట్‌లో ప్రతి బంతికీ ఒంటి మీదికి వెళ్లేవాడు ఆరు నిమిషాలకి ఒగురుస్తాడు. టీ20లో నాలుగు ఓవర్లు ప్రాణం పెట్టి వేసేవాడికి టెస్ట్ మ్యాచ్‌లో రోజుకి 25 ఓవర్లు ఇచ్చినట్టుంటుంది మీరడిగేది. అతని బలమే తక్కువ నిమిషాలండి. నిమిషాలు పెంచితే మీకు దొరికేది ఆ మెకానెల్ కాదు, ఊపిరి కోసం చూసుకునే ఇంకో మెకానెల్.

ఇంకోటి. మన దగ్గర ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్, 40 నిమిషాల ఆట, ఐదో ఫౌల్‌కి బయటికి. ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌల్స్. మా దగ్గర మెయిన్ సెంటర్ మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ చేస్తే ఆ రోజు బ్యాకప్ కుర్రాడి చేతిలోనే మ్యాచ్. వాడు గెలిపించక్కర్లేదు. వచ్చిన ఏడెనిమిది నిమిషాలు స్కోరు పాడు చేయకుండా ఉంటే చాలు, సాయంత్రం బిర్యానీ నాది.

#11 · బెంచీ_బాబు

సార్ మీరు ఏ కాలేజీ? ట్రయల్స్ ఎప్పుడు? 😄

#12 · నగ్గెట్స్_నాగమణి

భీమవరం గారు చెప్పిన ఆ "స్కోరు పాడు చేయకుండా" అన్నమాట డెన్వర్ నగ్గెట్స్ వాళ్లం గుండె మీద రాసుకున్నాం. బ్యాకప్ నిమిషాలతో గెలుపోటములు మారవు అనేవాళ్లు మా స్టార్ సెంటర్ నికోలా యోకిచ్ కూర్చున్నప్పుడు మా ఆట చూడాలి. ప్రతి ఏడాదీ అదే కథ. అతనుంటే లీడ్, అతను నీళ్లు తాగడానికి వెళ్తే లీడ్ ఆవిరి. మా బ్యాకప్ సెంటర్ ఎవరు అన్నది మాకు జాతీయ సమస్య.

2023లో టైటిల్ గెలిచాం కదా, అప్పుడు బెంచ్ ఏమీ గొప్పది కాదు. కోచ్ మైకేల్ మలోన్ చేసిందల్లా యోకిచ్ కూర్చున్నప్పుడు బెంచ్ ఐదుగురినీ ఒకేసారి దింపకుండా జమాల్ మర్రేనో ఆరన్ గోర్డన్‌నో వాళ్ల మధ్య ఉంచడం. పాత చేయి జెఫ్ గ్రీన్, చురుకైన బ్రూస్ బ్రౌన్. ఫైనల్స్ గేమ్ 4లో బ్రౌన్ బెంచ్ మీంచి వచ్చి 21 కొట్టాడు, మయామీ మీద 108-95తో గెలిచాం. ఆ వేసవిలోనే రెండేళ్లకి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చి బ్రౌన్‌ని మీ ఇండియానా వాళ్లే తన్నుకుపోయారు సుబ్బు గారూ, మర్చిపోలేదు. గ్రీన్ హ్యూస్టన్ వెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లూ ఆ ఖాళీ పూడలేదు. 2025 ఏప్రిల్‌లో రెగ్యులర్ సీజన్ ఇంకా మూడు మ్యాచ్‌లుందనగా కోచ్ మలోన్‌నీ, జనరల్ మేనేజర్ కాల్విన్ బూత్‌నీ ఒకే రోజు ఇంటికి పంపించారు. గొడవ ఒక్క బెంచ్‌ది కాదు, కుర్రాళ్లని ఆడించాలా పాతవాళ్లని ఆడించాలా అని ఇద్దరికీ పడలేదు. అంటే సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న ఈ నిమిషాల గొడవే.

ఈ 2025 వేసవిలో సెంటర్ యోనస్ వలాన్‌చూనస్ వచ్చాడు, బ్రౌన్ తిరిగొచ్చాడు. చూద్దాం.

#13 · లెక్కల_మాస్టారు

నాగమణి గారూ, మీ కథ నా లెక్కకి ఎదురు కాదు, తోడు. యోకిచ్‌కీ అతని బ్యాకప్‌కీ మధ్య తేడా 2 పాయింట్లు కాదు, అగాధం. ఆ నిమిషాల్లో చెత్త బ్యాకప్‌ని తీసి మామూలు బ్యాకప్‌ని పెడితే లాభం పెద్దది. మామూలువాణ్ని తీసి మంచివాణ్ని పెడితే చిన్నది. రొటేషన్‌లో బొక్క పూడ్చడమే గెలుపులు తెస్తుంది, ఉన్న మంచివాడికి ఇంకో ఐదు నిమిషాలివ్వడం కాదు.

#14 · ఓబులేసు_ఓకేసీ

నాగమణి అక్కా, యోకిచ్ కూర్చుంటేనే కాదు, నిలబడినా మా అలెక్స్ కరూసో ఉంటే కష్టమే. రెండో రౌండ్ గేమ్ 7 గుర్తుందా, 125-93? ఆరడుగుల ఐదంగుళాల గార్డు ఆ కొండలాంటి మనిషి ముందు నిలబడి పాస్ రానియ్యలేదు.

కరూసో నిమిషాల లెక్క చూడండి, ఇందులో మతలబు ఉంది. రెగ్యులర్ సీజన్‌లో 54 మ్యాచ్‌లే, సగటున 19 నిమిషాలే. కోచ్ మార్క్ డేగ్నాల్ట్ దాచుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో నిమిషాలు పెంచాడు. ఫైనల్స్ గేమ్ 2లో 20, గేమ్ 4లో 20 ప్లస్ ఐదు స్టీల్స్, రెండూ గెలిచినాం. అక్టోబర్‌లో ఆ నిమిషాలు ఖర్చు చేసుంటే జూన్‌లో ఆ కాళ్లు ఉండేవా?

#15 · నగ్గెట్స్_నాగమణి

గేమ్ 7 ఊసెత్తకు ఓబులేసూ. నీకు మా ఇంట్లో భోజనం లేదు.

#16 · నిక్స్_నరసింహ

దాచుకోవడం అన్న మాట వినగానే మా న్యూజెర్సీ బ్యాచ్‌కి ఏడుపొచ్చింది.

మా న్యూయార్క్ నిక్స్ కోచ్‌గా ఉన్న టామ్ థిబొడో సంగతి అందరికీ తెలిసిందే. 2024-25లో జాష్ హార్ట్ మ్యాచ్‌కి సగటున 37.6 నిమిషాలు, లీగ్‌లోనే ఎక్కువ. మొత్తం నిమిషాల్లో మికాల్ బ్రిడ్జెస్ ఫస్ట్. మార్చిలో బ్రిడ్జెస్ బయటికొచ్చి స్టార్టర్ల నిమిషాల గురించి కోచ్‌తో మాట్లాడానన్నాడు, కోచ్ ఆ మాటే రాలేదన్నాడు. బెంచ్‌లో ఏడో ఆటగాడి తర్వాత మిగతావాళ్లు టికెట్ లేకుండా దగ్గరగా మ్యాచ్ చూసే ప్రేక్షకులు.

ఈస్ట్ (తూర్పు విభాగం) ఫైనల్స్ గేమ్ 1లో ఇండియానా మీద మూడు నిమిషాల లోపు టైముందనగా 14 పాయింట్ల ఆధిక్యం. మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జనం సంబరాలు మొదలెట్టారు. ఏరన్ నెస్మిత్ ఒకదాని వెంట ఒకటి త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, హాలిబర్టన్ చివర్లో వేసినది రిమ్ మీద పైకి ఎగిరి లోపల పడింది, ఓవర్‌టైమ్‌లో 138-135తో పోయాం. ఇది అలసటే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను, నెస్మిత్‌ని ఆ రాత్రి ఎవరూ ఆపేవారు కాదు. గేమ్ 3కి మాత్రం థిబొడో ఎట్టకేలకి మిచెల్ రాబిన్‌సన్‌ని స్టార్టర్ చేసి, లాండ్రీ షామెట్, డెలాన్ రైట్‌లకి కూడా నిమిషాలిచ్చాడు. 20 వెనకబడి 106-100తో గెలిచాం.

సిరీస్ ఆరు మ్యాచ్‌లలో పోయింది. పాతికేళ్ల తర్వాత ఈస్ట్ ఫైనల్స్‌కి తీసుకొచ్చిన కోచ్‌ని జూన్ 3న తీసేశారు.

#17 · రింగురోడ్డు_రీబౌండ్

గేమ్ 3లో గెలిచింది షామెట్ నిమిషాల వల్లనా, నాలుగో క్వార్టర్‌లో కార్ల్-ఆంథనీ టౌన్స్ ఒక్కడే 20 కొట్టడం వల్లనా నరసింహ భాయ్? మళ్లీ మాస్టారి మొదటి పోస్టుకే వచ్చినం.

#18 · పాతకాపు_పీజీ

పాత సంగతి ఒకటి చెబుతాను, ఈ వాదన రెండు వైపులా ఒకే సిరీస్‌లో జరిగింది. 2015 ఫైనల్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్ – క్లీవ్‌లాండ్.

గేమ్ 1లో క్లీవ్‌లాండ్ గార్డు కైరీ అర్వింగ్ మోకాలి చిప్ప విరిగింది. బ్యాకప్ మాథ్యూ డెలావెడోవా స్టార్టర్ అయ్యాడు. ఆస్ట్రేలియా కుర్రాడు, నేల మీద దొర్లి దొర్లి ఆడతాడు. గేమ్ 2 ఓవర్‌టైమ్‌లో వారియర్స్ స్టార్ స్టెఫ్ కరీకి ఊపిరాడనివ్వలేదు, చివర్లో జట్టుని ముందుకి తెచ్చిన ఫ్రీ త్రోలు కూడా అతనే వేశాడు, 95-93. గేమ్ 3లో 20 పాయింట్లు కొట్టి గెలిపించాడు. దేశమంతా అతని పేరే. ఆ రాత్రి ఒళ్లంతా నరాలు పట్టేసి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. తర్వాత మూడు మ్యాచ్‌లలో ఆ డెలావెడోవా మళ్లీ కనిపించలేదు. మూడూ పోయాయి. భీమవరం గారు చెప్పింది కళ్లారా చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇప్పుడు అవతలి వైపు. వారియర్స్ ఆటగాడు ఆండ్రే ఇగోడాలా ఆ రెగ్యులర్ సీజన్‌లో ఆడిన 77 మ్యాచ్‌లలో ఒక్కటీ స్టార్ట్ చేయలేదు. 2-1తో వెనకబడ్డాక గేమ్ 4కి కోచ్ స్టీవ్ కెర్ సెంటర్ ఆండ్రూ బోగట్‌ని కూర్చోబెట్టి ఇగోడాలాని స్టార్టర్ చేశాడు. ఆ ఆలోచన చెప్పింది నిక్ యురెన్ అనే కుర్ర సహాయకుడు, రాత్రంతా పాత వీడియోలు చూసి. గేమ్ 4 103-82, తర్వాత రెండూ కూడా వారియర్స్‌వే. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఇగోడాలా.

ఒకరికి నిమిషాలు పెరిగితే కూలబడ్డాడు, ఇంకొకరికి పెరిగితే సిరీస్ తిరిగింది. ఇగోడాలా అంతకుముందు ఏళ్ల తరబడి స్టార్టర్, ఆల్‌స్టార్ కూడా. అతను బెంచ్ మీద కూర్చున్నది కెర్ అడిగాడు కాబట్టి, సత్తా లేక కాదు.

#19 · సుబ్బు_డాలస్

అదే నేనూ అంటున్నా పాతకాపు గారూ. బెంచ్ మీద ఉన్నంత మాత్రాన చిన్నవాడు కాదు. లూ విలియమ్స్, జమాల్ క్రాఫర్డ్ చెరో మూడుసార్లు సిక్స్త్ మ్యాన్ అవార్డులు (ఉత్తమ బెంచ్ ఆటగాడికి ఇచ్చేవి) తీసుకున్నారు. మను జినోబిలి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకోటి, 2013-14 శాన్ ఆంటోనియో స్పర్స్. జట్టులో ఒక్కడికి కూడా సగటున 30 నిమిషాలు లేవు, అందరికంటే ఎక్కువ టోనీ పార్కర్‌కి, అదీ 29 పైచిలుకు. 62 గెలిచారు, ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఊడ్చారు. ప్యాటీ మిల్స్ చివరి మ్యాచ్ మూడో క్వార్టర్‌లో ఎలా కొట్టాడో చూడలేదా? బెంచ్‌కి నిమిషాలిస్తే గెలుపు రాదంటారేంటి?

#20 · లెక్కల_మాస్టారు

లూ విలియమ్స్ 2017-18లో సగటున 33 నిమిషాల దాకా ఆడి 22 పైన కొట్టాడు, క్లిప్పర్స్‌లో మొత్తం పాయింట్లు అతనివే ఎక్కువ. మొదటి ఐదు నిమిషాలు కూర్చున్నాడు కాబట్టి బెంచ్ అంటున్నాం. అతను బ్యాకప్ కాదు, ఆలస్యంగా వచ్చే స్టార్టర్.

స్పర్స్‌ది పాత చిక్కే మళ్లీ. 62 గెలిచిన జట్టు చాలా మ్యాచ్‌లు మూడో క్వార్టర్‌కే ముగించేస్తుంది, స్టార్టర్లు కూర్చుంటారు, సగటు పడిపోతుంది. అందులో కొంత వాళ్ల కోచ్ గ్రెగ్ పోపోవిచ్ కావాలని విశ్రాంతి ఇవ్వడం, కొంత ముందే గెలిచేయడం. దేనివల్ల ఏది అని విడదీయకుండా "30 లోపు ఆడించారు, అందుకే గెలిచారు" అంటే నేను ఒప్పుకోను. జూన్‌లో వాళ్ల కాళ్లు తాజాగా ఉన్నాయన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఓబులేసు చెప్పిన కరూసో లాభం అదే. ఆ లాభం బ్యాకప్ స్కోరులో కనిపించదు, స్టార్ స్కోరులో కనిపిస్తుంది.

#21 · రింగురోడ్డు_రీబౌండ్

ఇక గేమ్ 7 గురించి ఎవరూ మాట్లాడరా? సుబ్బన్న అడిగిన ప్రయోగం అక్కడ జరిగింది కదా!

మొదటి క్వార్టర్‌లోనే హాలిబర్టన్ అకిలీస్ తెగి నేలని చేత్తో కొడుతూ పడిపోయాడు. పొద్దున్నే చాయ్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయిన. ఇక అడ్డమే లేదు, మెకానెల్‌కి కావాల్సినన్ని నిమిషాలు. సగం ఆటకి పేసర్స్ 48-47తో ముందుంది కూడా. మూడో క్వార్టర్‌లో పేసర్స్ కొట్టింది 20, అందులో 12 మెకానెల్‌వే. ఒంటరి పోరాటం అంటే అదే. ఆ క్వార్టర్‌లో థండర్ కొట్టింది 34. మ్యాచ్ అక్కడే పోయింది.

#22 · భీమవరం_బిగ్‌మ్యాన్

ఆ క్వార్టర్ నేను రెండుసార్లు చూశాను. మెకానెల్ తప్పు పట్టడానికి కాదు, మిగతా నలుగురిని చూడటానికి. మామూలుగా అతను వచ్చేసరికి అవతల కూడా రెండో వరుస ఉంటుంది, అతను వాళ్ల మీద పరిగెడతాడు. ఆ రోజు ఎదురుగా షాయ్, విలియమ్స్, లూ డార్ట్, కరూసో. అతను మూల నుంచి దూరి పదడుగుల షాట్ వేసి రెండు తెస్తున్నాడు, పక్కవాళ్లకి బంతి వెళ్లాల్సిన చోట చేతులున్నాయి. పేసర్స్ చేతిలోంచి బంతి పదే పదే పోయింది. హాలిబర్టన్ ఉంటే అవతలి డిఫెన్స్ మూడు పాయింట్ల గీత దాటి బయటికి వచ్చి నిలబడాలి. మెకానెల్ బయట నుంచి వేయడు కాబట్టి వాళ్లు లోపలికి ముడుచుకున్నారు. పేసర్స్ ఫార్వర్డ్ పాస్కల్ సియాకమ్‌కి దారి మూసుకుపోయింది.

మనిషి బాగా ఆడాడు, జట్టు ఆ నిమిషాల్లో ఓడింది. రెండూ నిజమేనండి.

#23 · సుబ్బు_డాలస్

సరే, గేమ్ 7 వదిలేయండి, అది దెబ్బ తగిలిన ఇల్లు. నా మాట గేమ్ 5 మీద. మూడో క్వార్టర్ ఊపులో ఉన్నవాణ్ని బెంచ్ మీదికి పిలవకూడదు. ఆ మూడున్నర పాయింట్లు మాస్టారే ఇచ్చారు. తేడా 2కి దిగినప్పుడు మూడున్నర అంటే మనం ముందుంటాం. ముందుంటే థండర్ కుర్రాళ్లకి టెన్షన్ మొదలవుతుంది, అది ఏ లెక్కలోకి వస్తుంది?

#24 · లెక్కల_మాస్టారు

ఏ లెక్కలోకీ రాదు. రాదు కాబట్టే మీరు ఇంకో పదేళ్లు దీని మీద వాదించవచ్చు.

#25 · నిక్స్_నరసింహ

అసలు ప్రశ్న ముందుంది. 2025-26 సీజనంతా హాలిబర్టన్ ఉండడు. సెంటర్ మైల్స్ టర్నర్ మిల్వాకీ వెళ్లిపోయాడు. ఆండ్రూ నెంబార్డ్ పాయింట్ గార్డుకి జరుగుతాడు. మెకానెల్‌కి నిమిషాలు పెంచుతారా, 18 దగ్గరే ఉంచుతారా?

#26 · భీమవరం_బిగ్‌మ్యాన్

నేనైతే 20 దాటించను. నెంబార్డ్‌కి 34 ఇస్తాను. ఆ మిగతా నిమిషాలకి ఇంకో కుర్ర గార్డుని వెతుక్కుంటాను. మెకానెల్‌కి 33 ఏళ్లండి.

#27 · సుబ్బు_డాలస్

26 ఇవ్వాలి. రాసి పెట్టుకోండి.

#28 · ఓబులేసు_ఓకేసీ

ఇవ్వండన్నా, 36 ఇవ్వండి. మాకేం అభ్యంతరం లేదు.